నాలుగో రోజు ప్లేటు

ఆసుపత్రి ల్యాబ్‌లో అందరూ ఆవిడను ఎదురుగా పిన్ని అంటారు, చాటున పైత్యం పిన్ని అంటారు. రెండో పేరు సంగతి ఆవిడకు తెలుసు. తెలిసీ ఊరుకుంది, ఎందుకంటే అందులో సగం నిజం. పంతొమ్మిదేళ్ళుగా ఆ ల్యాబ్‌కి వచ్చిన ప్రతి పైత్యరసం సీసా ఆవిడ చేతుల మీదుగానే వెళ్ళింది. మిగతా సగం ఆవిడ నోటి గురించి. దాని గురించి వేరే చెప్పడమెందుకు, కాసేపట్లో మీకే వినబడుతుంది.

పైత్యరసం అంటే కాలేయంలో తయారై సన్నటి గొట్టం గుండా పేగుల్లోకి దిగే ఆకుపచ్చ రసం. చేతి మీద పడితే మరక ఓ పట్టాన వదలదు, వాసన ఇంటిదాకా వెంట వస్తుంది. ల్యాబ్‌లో రక్తం బెంచికి పోటీ ఉండేది. మూత్రం బెంచి కూడా ఫరవాలేదనిపించుకునేది. పైత్యం సీసా వచ్చిందంటే మాత్రం అందరికీ ఒక్కసారే వేరే పనులు గుర్తుకొచ్చేవి. "ఇలా తెండి, మీ వేషాలూ మీరూ" అని పిన్ని లాక్కునేది. అలా లాక్కుని లాక్కుని కిటికీ పక్క బెంచి ఆవిడదైపోయింది. ఆ కిటికీలోంచి బాయిలర్ గది పొగగొట్టం తప్ప ఏమీ కనబడదు. అయినా అది పిన్ని కిటికీ. ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే వాళ్ళు లేచేదాకా పక్కనే నిలబడి గొంతు సవరించుకునేది.

మూడేళ్ళ కిందట ఆ ఆసుపత్రిలో కాలేయ మార్పిడి ఆపరేషన్లు మొదలయ్యాయి. దాంతో పైత్యానికి దశ తిరిగింది. కొత్త కాలేయం పెట్టేటప్పుడు ఆ గొట్టంలోంచి కాస్త రసం తీసి ల్యాబ్‌కి పంపుతారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ పైత్యంలో క్రిములు ఉండవు. కానీ గొట్టం మూసుకుపోయి, దాన్ని తెరిచి ఉంచడానికి లోపల ప్లాస్టిక్ గొట్టాలు వేయించుకున్నవాళ్ళలో అవి చడీచప్పుడూ లేకుండా కాపురం పెట్టేస్తాయి. మామూలు రోజుల్లో ఒంట్లోని కాపలా వాటిని ఓ కంట కనిపెట్టి ఉంచుతుంది. మార్పిడి అయ్యాక, కొత్త కాలేయం మీద ఒళ్ళు తిరగబడకుండా డాక్టర్లు మందులిచ్చి ఆ కాపలానే జోకొడతారు. ఇక పైత్యంలో ఉన్న కాసిని క్రిములూ రక్తంలోకి దిగితే అడిగే నాథుడు ఉండడు. అందుకే ఆ రసంలో ఏముందో, ఏ మందుకు లొంగుతుందో ల్యాబ్ ముందుగానే చెప్పాలి.

అంతకుముందు ల్యాబ్ గడప తొక్కని పెద్ద సర్జన్ అప్పటి నుంచి స్వయంగా వచ్చి కిటికీ పక్క బెంచి దగ్గర నిలబడేవాడు. "ఏంటి పిన్నీ, నిన్నటి పైత్యం ఏమంటోంది" అని అడిగేవాడు. పిన్ని, ఆ రసం పూసి క్రిముల్ని మొలిపించే ప్లేటు ఎత్తి చూపించేది. ఆ తర్వాతి రెండేళ్ళలో ఆవిడ నడకే మారిపోయింది. ఇంట్లో కుట్టుమిషన్లు బాగుచేసుకునే వాళ్ళాయన కూడా గమనించి, "ఈమధ్య నువ్వు వంటింట్లోకి కూడా సర్జన్‌లా వస్తున్నావు" అన్నాడు.

అప్పుడు వచ్చింది కొత్త కోడలు.

ఆ పేరు పెట్టింది పిన్నే. వచ్చిన మొదటి రోజు ఆ పిల్ల తల వంచుకుని, అడిగినదానికల్లా "అలాగేనండి" అంటూ, గోడ పక్కన ఒదిగి నిలబడింది. "ఇదెవరమ్మా, కాపురానికొచ్చిన కొత్త కోడల్లా ఉంది" అని పిన్ని అంటే అందరూ నవ్వారు. నాలుగు రోజుల్లో ఆ పేరు అంటుకుపోయింది. ఎగతాళికి పెట్టిన పేరు కాస్తా ముద్దు పేరయిపోయింది. మేడమ్ కూడా "కోడలూ, ఆ రిపోర్టు ఇలా తీసుకురామ్మా" అని పిలవడం మొదలుపెట్టింది. మేడమ్ అంటే ల్యాబ్ మొత్తానికీ పెద్ద డాక్టరు. పిన్నిని ఏనాడూ ముద్దు పేరుతో పిలవని మనిషి.

పిల్ల పనిమంతురాలు. అదే పిన్ని ప్రాణానికి వచ్చింది. పని రాకపోతే తిట్టి నేర్పేది, నేర్పి మెప్పు కొట్టేసేది. ఈ పిల్ల ప్లేటు మీద రసంలో ముంచిన లూపు తీగతో గీతలు గీస్తే అచ్చు వేసినట్టుండేవి. కంప్యూటర్లో రిపోర్టు కొట్టేటప్పుడు కీల వంక చూసేది కాదు. పిన్ని ఒక్కో అక్షరం వెతుక్కుని, దొరికాక దాన్ని పొడిచేది. సర్జన్ ఓ రోజు కిటికీ దగ్గరికి వచ్చి, పిన్ని భుజం మీదుగా చూస్తూ, "కోడలు లేదా" అని అడిగాడు. ఆ పూట పిన్నికి అన్నం సహించలేదు.

ఆ నెలాఖరున మేడమ్ పిలిచి, కాలేయం కేసులు పెరిగాయి కాబట్టి పైత్యం బెంచి ఇక నుంచి కోడలు చూస్తుందని, పిన్ని మూత్రం బెంచికి వెళ్ళాలని చెప్పింది. "మీకూ కాస్త పని తేలికవుతుంది కదా" అంది.

"అయ్యో, దానిదేముంది మేడమ్" అంది పిన్ని. లోపల ఎసట్లో నీళ్ళలా కుతకుతలాడిపోయింది. కంపు కొట్టినన్నాళ్ళూ పైత్యం పిన్నిది. పేరొచ్చేసరికి కోడలిది. ఇందులో అన్యాయం లేదని ఎవరైనా అంటే వాళ్ళతో వాదన అనవసరం.

"పని అప్పగించేటప్పుడు మీకు తెలిసినవన్నీ చెప్పండి. రాతలో లేని మెళకువలు మీ దగ్గర చాలా ఉంటాయి" అంది మేడమ్.

పిన్ని అన్నీ చెప్పింది, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటి ఇది. ల్యాబ్ నియమం ప్రకారం పైత్యం ప్లేట్లను ఇంక్యుబేటర్ అనే వెచ్చటి బీరువాలో రెండు రోజులు ఉంచుతారు. రెండో రోజుకీ ఏమీ మొలవకపోతే, ఏమీ లేదని రిపోర్టు రాసి ప్లేటు పారేస్తారు. పన్నెండేళ్ళ కిందట పిన్ని జ్వరమొచ్చి రెండు రోజులు రాలేదు. పారేయాల్సిన ప్లేటొకటి బీరువాలోనే ఉండిపోయింది. నాలుగో రోజు వచ్చి చూస్తే దాని మీద సన్నటి చుక్కలు. అడిగితే తేలిందేమిటంటే, ఆ రోగి అప్పటికే గట్టి యాంటీబయాటిక్ వాడుతున్నాడు. మందు దెబ్బకు క్రిములు చావలేదు, సొమ్మసిల్లాయి. ప్లేటు మీద నాలుగో రోజుకు గానీ తేరుకోలేదు. అప్పటి నుంచి పిన్ని, సీసాతో వచ్చే చీటీలో మందు పేరు కనబడితే చాలు, ఆ ప్లేటును నాలుగు రోజులు ఉంచేది. ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. అలాంటివి ఏడాదికి ఒకటో రెండో పట్టుకునేది. అందరూ "పిన్ని కంట్లో ఏదో ఉంది" అనేవారు. కంట్లో ఏమీ లేదు, ఉన్నదంతా ఆ నాలుగు రోజుల్లోనే.

"అన్నీ చెప్పారా" అని మేడమ్ అడిగితే, "చెప్పాను మేడమ్, ఇక నా దగ్గరేముంది" అంది.

అంతటితో ఊరుకుంటే అదో రకం. పిన్నికి ఊరుకోవడం చేతకాలేదు. గొయ్యి తవ్వినవాళ్ళకు అందులో ఎవరైనా పడ్డారా అని తొంగి చూడాలనిపిస్తుంది. స్టోరు గదిలో, ఖాళీ అట్టపెట్టెల వెనక ఓ పాత ఇంక్యుబేటర్ ఉంది. తలుపు సరిగ్గా పడదని పక్కన పెట్టేశారు గానీ వెచ్చదనానికి లోటు లేదు. పిన్ని దాని వైరు గోడ ప్లగ్గులో పెట్టి, తలుపుకు అట్టముక్క అడ్డం పెట్టింది. కోడలు రెండో రోజు చూసి పారేసిన పైత్యం ప్లేట్లు ఓ ఎర్ర డబ్బాలో పడతాయి. ఆవిరితో క్రిముల్ని చంపే మిషను దగ్గరికి ఆ డబ్బా సాయంత్రం నాలుగింటికి వెళుతుంది. మూడున్నరకు పిన్ని చేతికి తొడుగులు వేసుకుని, మందు వాడిన రోగుల ప్లేట్లు ఏరి, లైటు కింద తిప్పి చూసి, కోటు కింద పెట్టుకుని స్టోరు గదికి పోయేది. పారేసినదాంట్లో చెయ్యి పెట్టడం ల్యాబ్‌లో పెద్ద తప్పు. కొత్తగా వచ్చినవాళ్ళకు ఆ మాట చెప్పే మనిషి కూడా పిన్నే.

నెల రోజుల్లో ఇరవై రెండు ప్లేట్లు దాచింది. నాలుగో రోజు తీసి చూడటం, ఏమీ లేకపోవడం, నిట్టూర్చడం. ఒకరి ఒంట్లో క్రిములు లేవని తేలితే సంతోషించాల్సిన ఉద్యోగం ఆవిడది. ఆ నెలంతా ఆవిడ వాటి కోసం ఎదురుచూసింది. ఇది ఎంత పాడు సంగతో ఆవిడకు అప్పుడప్పుడూ తోచేది. తోచినప్పుడల్లా కోడలి గలగల నవ్వు పక్క గదిలోంచి వినిపించేది, మళ్ళీ కన్ను కుట్టేది.

"ఇవాళేం చేసింది మీ కోడలు" అని సాయంత్రం ఆయన అడిగేవాడు, స్క్రూడ్రైవరు చెవి వెనక పెట్టుకుని.

"ఏం చేస్తుంది. పొద్దున్నే సర్జన్ వచ్చి అరగంట మాట్లాడాడు దాంతో. నాతో ఎప్పుడైనా అరగంట మాట్లాడాడా?"

"నువ్వెప్పుడైనా ఎవరినైనా అరగంట మాట్లాడనిచ్చావా?"

"మీకు అన్నీ వేళాకోళంగానే ఉంటాయి."

"కాదే. కడుపుమంటకు మందు మీ ఆసుపత్రిలో కూడా లేదని బాధపడుతున్నా" అని ఆయన మళ్ళీ మిషను మీదకు వంగాడు.

ఇరవై మూడో ప్లేటు ఓ లారీ డ్రైవరుది. నలభై నాలుగేళ్ళు. పైత్యపు గొట్టంలో రెండేళ్ళుగా ప్లాస్టిక్ గొట్టాలు మార్పించుకుంటూ, చివరకు కాలేయమే మార్పించుకున్న మనిషి. ఆపరేషనుకు ముందు వారం రోజులు మందులు వాడినట్టు చీటీలో ఉంది. రెండో రోజు కోడలు ప్లేటు చూసి, ఏమీ లేదని రాసి పారేసింది. ఆ సాయంత్రం పిన్ని డబ్బాలోంచి తీసి తనూ చూసింది. దీపం కింద పెట్టి, భూతద్దం పెట్టి మరీ వెతికింది. ఏమీ లేదు. తీసుకెళ్ళి పాత బీరువాలో పెట్టింది.

నాలుగో రోజు పొద్దున్న సీసాలు తీసుకునే కిటికీ దగ్గర ఓ రోగి భార్య నిలబడి ఉంది. చేతిలో రెండు రక్తం సీసాలు. వార్డు మనిషి ఆలస్యం చేస్తున్నాడని తనే పట్టుకొచ్చేసిందట.

"అక్కా, ఇది తొందరగా చూస్తారా. తెల్లారుజాము నుంచి ఒకటే వణుకు. రెండు దుప్పట్లు కప్పినా ఆగట్లేదు. మొన్నటిదాకా బాగానే ఉన్నాడు, లారీ ఎప్పుడు ఎక్కుతానని అడిగాడు కూడా."

పిన్ని చీటీ చూసింది. లారీ డ్రైవరు. చలిజ్వరం, నూట మూడు. ఇస్తున్న మందు పేరు కూడా ఉంది.

సీసాలు రక్తంలో క్రిముల్ని పసిగట్టే మిషనులో పెట్టి నేరుగా స్టోరు గదికి వెళ్ళింది. అట్టముక్క తీసి ప్లేటు బయటికి తీసింది. క్రిములకు మేతగా పోసిన ఎర్రటి పొర మీద, కోడలు గీసిన గీతల వెంబడే, ఆవగింజలో సగం కూడా లేని బూడిదరంగు చుక్కలు. బయటి నుంచి పడిన క్రిమి అయితే ఎక్కడపడితే అక్కడ మొలుస్తుంది. ఇవి గీత తప్పలేదు. అంటే పైత్యంలోంచి వచ్చినవే.

ఆవిడకు మొదట కలిగింది సంతోషం. దాన్ని దాచాల్సిన పని లేదు. ఒళ్ళంతా పాకిన సంతోషం, నెల రోజుల ఆకలి తీరినంత. ఆ తర్వాతే కిటికీ దగ్గరి మనిషి గుర్తొచ్చింది. చుక్కలోంచి కాస్త తీసి గాజుపలక మీద రాసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది. ఊదారంగు గుండ్లు, జంటలు జంటలుగా, పొట్టి గొలుసులుగా. పైత్యంలో మిగతా క్రిములు ఊపిరాడక పోతుంటే హాయిగా బతికే రకం. చీటీలో ఉన్న మందుకు అది చావదు, ఎన్ని రోజులిచ్చినా చావదు. రక్తం సీసా కూడా ఆ సంగతి చెబుతుంది గానీ దానికి ఇంకో రోజు పట్టొచ్చు. కాపలా నిద్రపోతున్న ఒంట్లో ఒక రోజంటే తక్కువ కాదు.

ప్లేటు పట్టుకుని మేడమ్ గదికి వెళ్ళింది. బల్ల మీద పెట్టింది.

"లారీ డ్రైవరు పైత్యం. ఎంటెరోకాకస్‌లా ఉంది మేడమ్. వాళ్ళిస్తున్న మందు దీనికి పనిచెయ్యదు. ఇప్పుడు చలిజ్వరం."

మేడమ్ ముందు ఫోన్ తీసింది. సర్జన్‌తో నాలుగు మాటలు మాట్లాడి, మందు మార్పించి, ఫోన్ పెట్టాక ప్లేటు తిప్పి చూసింది. దాని మీద కోడలి గుండ్రటి చేతిరాత, తేదీ, నంబరు.

"దీనికి ఏమీ లేదని మొన్ననే రిపోర్టు వెళ్ళిందే. ఈ ప్లేటు మీకెక్కడిది?"

"మొన్నటి డబ్బా మిషనుకి వెళ్ళలేదు మేడమ్. గట్టు మీదే ఉండిపోయింది. ఎందుకో చూడాలనిపించి చూశాను."

"గట్టు మీద చల్లదనానికి కొత్తగా మొలవవు. అంటే రెండో రోజుకే ఉండి ఉండాలి. కోడలు చూసుకోలేదు."

పిన్ని ఏమీ అనలేదు. ఆ ఒక్క క్షణం నోరు మూసుకోవడం పంతొమ్మిదేళ్ళలో ఆవిడకు మొదటిసారి చేతనైంది.

మేడమ్ కోడల్ని పిలిచింది. ఆ పిల్ల ప్లేటు అందుకుని వెలుతురుకు పట్టింది.

"రెండో రోజు నాకేమీ కనబడలేదు మేడమ్. నిజంగా కనబడలేదు. బహుశా నేనే..." అని ఆగిపోయింది. ప్లేటు బల్ల మీద పెట్టి, "నా కళ్ళదే తప్పయి ఉంటుంది" అంది.

"రేపటి నుంచి పైత్యం బెంచి మళ్ళీ పిన్ని చూస్తారు" అంది మేడమ్. తిట్టలేదు. తిడితే బావుండేది.

పిన్ని కోరుకున్నది కోరుకున్నట్టు జరిగింది. ఇవాళే ఎందుకు కాకూడదని వెంటనే వెళ్ళి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. కుర్చీ ఎత్తు మారి ఉంది. కోడలు పొట్టిది కదా, తన కాళ్ళకు తగ్గట్టు దించుకుంది. పిన్ని మీట లాగి పైకి లేపుకుంది. పొగగొట్టం వంక చూసింది. అంతా తన దగ్గరికి తిరిగొచ్చింది. మధ్యాహ్నం అన్నం కూడా కడుపు నిండా తింది.

మూడు గంటలప్పుడు చూస్తే, పక్క బెంచి దగ్గర కోడలు ఇంకా నిలబడే ఉంది. ఆ రోజు చూసి పక్కన పెట్టిన ప్లేట్లన్నీ మళ్ళీ ముందేసుకుంది. ఒక్కోటీ అద్దం కింద పెట్టడం, తిప్పడం, మళ్ళీ అద్దం కింద పెట్టడం. అలా ఒక ప్లేటుతో చాలాసేపు ఉండిపోయింది.

"పిన్నిగారూ, ఇందులో ఏమైనా ఉందా? ఆ అంచున ఏదో ఉన్నట్టే ఉంది."

పిన్ని చూసింది. అది ప్లేటులో పొర పోసేటప్పుడు పడ్డ గాలిబుడగ. ల్యాబ్‌లో చేరిన వారానికి ఎవరికైనా తెలిసే సంగతి. కోడలికి నిన్నటిదాకా తెలిసిన సంగతే.

"బుడగమ్మా అది."

"కాదేమోనండి. ఉందనే రాస్తాను. లేదని రాసి మళ్ళీ..." అంటూ కోడలు చీటీ మీద కలం పెట్టింది.

ఆ ప్లేటు ఎవరిదో పిన్ని చదివింది. మూడు రోజుల కిందట కాలేయం పెట్టించుకున్న ఓ ముసలావిడది. క్రిమి ఉందని రాస్తే వార్డులో అప్పటికప్పుడు గట్టి మందు ఎక్కిస్తారు. ఆ మందు మూత్రపిండాల మీద పడుతుంది. బుడగకు వైద్యం చేసి మనిషిని పాడుచేస్తారు. ఒక్క ముసలావిడతో పోయేది కాదు. తన కంటిని తనే నమ్మని మనిషి రేపు ఇంకో బుడగను రాస్తుంది, ఎల్లుండి నిజంగా ఉన్నదాన్ని బుడగనుకుంటుంది. ఈ పిల్ల బాగా పనిచేసేది ఆ కళ్ళతోనే. వాటి మీద పిన్ని పొద్దున్న ఒక్క మాట కూడా అనకుండా మన్ను కొట్టింది.

పిన్నికి ఒళ్ళు మండింది. జాలి కాదు, మంటే. ఏడ్చి, పోట్లాడి, "నేను చూశాను, అందులో లేదు" అని ఈ పిల్ల మేడమ్ బల్ల గుద్ది ఉంటే ఎంత బావుండేది. అది మానేసి, ఓడిపోవడానికి కూడా ఒద్దికగా నిలబడింది.

"ఆ కలం అక్కడ పెట్టు" అంది. "నాతో రా."

మేడమ్ ఏదో సంతకం చేస్తోంది. పిన్ని కూర్చోమనకుండానే కూర్చుంది. కోడలు తలుపు దగ్గర ఆగింది.

"రెండో రోజుకి ఆ ప్లేటులో ఏమీ లేదు మేడమ్. ఈ పిల్ల కళ్ళు బానే ఉన్నాయి."

"మీకెలా తెలుసు?"

"నేనూ చూశాను కాబట్టి. ఆ సాయంత్రమే డబ్బాలోంచి తీసి, అద్దం పెట్టి చూశాను. లేదు. స్టోరు గదిలో పాత బీరువాలో పెట్టాను. ఇవాళ మొలిచింది. పొద్దున్న మీకు చెప్పింది అబద్ధం."

మేడమ్ కలం మూత పెట్టింది.

"ఎందుకు తీశారు?"

"ఈ పిల్ల తప్పు పట్టుకోవడానికి. నెల రోజుల నుంచి తీస్తున్నాను. ఇరవై రెండింట్లో ఏమీ దొరకలేదు." పిన్ని ఆగి, చీర కుచ్చెళ్ళు సరిచేసుకుంది. "మందు వాడినవాళ్ళ ప్లేటు నాలుగు రోజులు ఉంచాలని నాకు తెలుసు. పన్నెండేళ్ళ నుంచి తెలుసు. తనకి చెప్పలేదు. చెప్పి ఉంటే మొన్న పారేసేది కాదు. నిన్న మూడో రోజు కూడా చూసేది, ఇవాళ పొద్దున్నే చూసేది, నేను స్టోరు గదికి పోయేదాకా ఆగక్కర్లేదు."

తలుపు దగ్గర కోడలు పిన్ని వంకే చూస్తోంది. ఆ చూపులో ఇన్నాళ్ళ ఒద్దిక లేదు.

"మీ ఇద్దరి మధ్య ఏముందో నాకనవసరం" అంది మేడమ్. "మీరు ఓ మనిషి ప్రాణం మీద పందెం కాశారు. ఆయనకి గానీ ఆయన భార్యకి గానీ ఆ సంగతి తెలియదు."

"అవును మేడమ్."

"మీకు కుళ్ళు పుట్టేంత తప్పు ఈ అమ్మాయి ఏం చేసింది?"

"ఏమీ చెయ్యలేదు. బాగా చేసింది, అంతే."

ఆ సాయంత్రమే పిన్నిని బెంచి మీద నుంచి తీసేశారు. కాగితం వెళ్ళింది, విచారణ జరిగింది, ఆరు నెలలు ఏ రోగి ప్లేటూ ముట్టుకోకూడదని తేలింది. ఉద్యోగం ఉంచారు, అది ఉంచిన తీరు వేరు. ల్యాబ్ వెనక, ఖాళీ ప్లేట్లలో పొర పోత పోసే గది ఉంది. పొడిని నీళ్ళలో ఉడికించి, గోరువెచ్చగా అయ్యాక రక్తం కలిపి, ఒక్కో ప్లేటులో సన్నగా పోసి ఆరబెట్టాలి. వంటపనే, తినేవాళ్ళు క్రిములు. పిన్ని పోసిన ప్లేట్లు ట్రేలో సర్దుకుని కిటికీ పక్క బెంచికి వెళ్ళేవి. వాటి మీద గీతలు కోడలు గీసేది. పిన్ని మాత్రం ఒక్క బుడగ కూడా పడకుండా పోసేది. అందులోనైనా ఆ పిల్ల వంక పెట్టకూడదని పంతం.

ఇంట్లో ఆయనకు మొత్తం చెప్పింది. ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టి విన్నాడు. వేళాకోళం చెయ్యలేదు. అది ఆవిడకు మరీ కష్టంగా అనిపించింది.

లారీ డ్రైవరుకు మందు మార్చిన మూడో రోజున జ్వరం దిగింది. రక్తంలో కూడా అదే క్రిమి దొరికింది. పైత్యం కారే గొట్టాన్ని మరో చిన్న ఆపరేషను చేసి సరిచేశారు. మూడు వారాలకు ఇంటికి వెళ్ళాడు. ఆ కబురు పిన్నికి ఎవరూ పనిగట్టుకుని చెప్పలేదు. ట్రేలు మోసే మనిషి ఎవరితోనో అంటుంటే విని, పొయ్యి కట్టేసి, కాసేపు స్టూలు మీద కూర్చుండిపోయింది.

ఆ తర్వాత ఓ మధ్యాహ్నం కోడలు ఆ గదికి వచ్చింది. ఆ రోజు తర్వాత ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. చేతిలో పొడుగాటి నోటుపుస్తకం ఉంది. కూర్చోలేదు.

"పిన్నిగారూ, ఒక్కటడగాలి. ఇంకా చెప్పనివి ఏమైనా ఉన్నాయా?"

"అంటే?"

"నాలుగు రోజుల సంగతిలాంటివి. నాకు మీరంటే కోపంగా ఉందండి. ఆ కోపం అలాగే ఉంటుంది, నేను నటించలేను. కానీ మీకు తెలిసింది మీతోనే పోతే రేపు ఇంకో మనిషికి జ్వరం వస్తుంది. చెప్తే రాసుకుంటాను. కింద మీ పేరు రాస్తాను."

పిన్ని గరిటె పక్కన పెట్టింది. చెప్పనివి ఉన్నాయి. అవి ఉన్నాయని ఎవరికీ తెలియకపోవడమే ఇన్నాళ్ళూ ఆవిడ బలం. ఒక్క క్షణం, లేవనేద్దామా అనుకుంది. ఆ తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. సీసా రంగు చూసి పైత్యం ఎన్ని గంటలు వార్డులో మగ్గిందో ఎలా చెప్పాలో చెప్పింది. అడుగున మడ్డి పేరుకుంటే పైపైన తీయకుండా సీసా బోర్లించి ఎలా కలపాలో చెప్పింది. గొట్టం చివర తగిలించిన సంచీలోంచి తీసిన రసాన్నీ, నేరుగా కాలేయం దగ్గర తీసిన రసాన్నీ వాసనతో విడదీయడం చెప్పింది. కోడలు మధ్యలో రెండుసార్లు ఆపి, అర్థం కాలేదంది. పిన్ని విసుక్కుంటూ మళ్ళీ చెప్పింది. అరగంట పైనే అయింది. కుండలో పొర గడ్డకట్టుకుపోయింది, మళ్ళీ ఉడికించాలి.

ఆరు పేజీలు నిండాయి. కోడలు ఆఖరి వాక్యం రాస్తోంది. పిన్నికి అడగాలనిపించింది. అడగకూడదనీ తెలుసు.

"ఏమ్మా. నా పని చూసి గానీ, సర్జన్ నాతో మాట్లాడటం చూసి గానీ, నీకెప్పుడైనా కడుపు మండిందా? వచ్చిన కొత్తలో అయినా. ఒక్కసారైనా?"

కోడలు రాయడం ఆపి తలెత్తింది. నిజంగానే ఆలోచించింది. వెతికింది కూడా, ఆ రెండో రోజు ప్లేటులో వెతికినంత శ్రద్ధగా.

"దేనికండీ?" అంది.

అందులో వెటకారం లేదు. తెలియక అడిగింది, చెబితే వింటానన్నట్టు కలం పట్టుకునే నిలబడింది. ఇదిగో దీనికని పిన్ని ఏదో చూపించబోయింది. చూపించడానికి ఉన్నవన్నీ అప్పటికే ఆ నోటుపుస్తకంలో ఉన్నాయి.